గ్లాసుడు నీళ్ళలో తప్పిన లెక్క
(బయాలజీ వాళ్ళ కోసం కొంచెం కెమిస్ట్రీ)

మొన్న వేసవి సెలవల్లో మా ఊళ్ళో జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. కానీ చెప్తే ఇంకొకరు అదే తప్పు చెయ్యకుండా ఉంటారని చెప్తున్నాను.

మా పిన్ని కొడుకు చిన్నోడికి ఆరేళ్ళు. ఒకరోజు పొద్దున్నుంచి విరేచనాలు. మధ్యాహ్నానికి వాడి కళ్ళు లోపలికి పోయాయి, పెదాలు ఎండిపోయాయి. పిన్ని కంగారుపడుతూ ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒకటి నా చేతిలో పెట్టి, "నువ్వు బయోటెక్ కదరా, నువ్వే కలుపు" అంది. నేను పెద్ద డాక్టర్‌లాగా ప్యాకెట్ చింపి, మొత్తం పొడి ఒక స్టీలు గ్లాసుడు నీళ్ళలో పోసి, చెంచాతో తిప్పి ఇచ్చాను. చిక్కగా ఉంటే తొందరగా పనిచేస్తుందని నా లెక్క! వాడు మొహం చిట్లించుకుంటూ సగం గ్లాసు తాగాడు. అరగంటలో వాంతి చేసుకున్నాడు. విరేచనాలు ఇంకా ఎక్కువయ్యాయి. దాహం, దాహం అని ఒకటే ఏడుపు.

సాయంత్రం ఆశా అక్క వచ్చింది. గ్లాసు చూసింది, చిరిగిన ప్యాకెట్ చూసింది. "ఎన్ని నీళ్ళల్లో కలిపావు తమ్ముడూ?" అని అడిగింది. చెప్పాను. ఆమె ఒక్క మాట కూడా కోప్పడలేదు. గ్లాసులో ఉన్నది పారబోసి, లీటరు సీసా తెమ్మని, ఇంకో ప్యాకెట్ తీసి కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టించడం మొదలుపెట్టింది. "ప్యాకెట్ మీద లీటరు అని రాసుంది కదా, చూడలేదా?" అని మాత్రం అంది.

రాత్రికి చిన్నోడు తేరుకున్నాడు. నాకే నిద్ర పట్టలేదు. ఇంటర్‌లో ద్రవాభిసరణం మీద ఎనిమిది మార్కుల ప్రశ్న వస్తే బొమ్మ గీసి మరీ రాశాను. బిటెక్‌లో రెండు సెమిస్టర్ల కెమిస్ట్రీ పాసయ్యాను. అవన్నీ ఆ గ్లాసు దగ్గర ఎందుకు గుర్తు రాలేదు?

బైపీసీ నుంచి వచ్చిన మనలో చాలామందికి కెమిస్ట్రీ అంటే ఒక పక్కన పడేసిన సబ్జెక్టు. "మనది బయాలజీ మామా, ఆ మోల్స్ గోల మనకెందుకు" అనుకుంటాం. అందుకే ఈ వ్యాసంలో ఆ ఒక్క ప్యాకెట్‌నే పట్టుకుని, బయాలజీ చదివేవాళ్ళకి తప్పనిసరిగా కావలసిన కెమిస్ట్రీ ఏమిటో చూద్దాం. ఐదే ఐదు విషయాలు: అయాను, నీరు, మోల్, ద్రవాభిసరణం, పీహెచ్.

ప్యాకెట్ వెనక ఏం రాసుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం ఒక లీటరు నీళ్ళకి కలపాల్సినవి నాలుగే:

సోడియం క్లోరైడ్ (అంటే మన ఉప్పు): 2.6 గ్రాములు
గ్లూకోజ్: 13.5 గ్రాములు
పొటాషియం క్లోరైడ్: 1.5 గ్రాములు
ట్రైసోడియం సిట్రేట్: 2.9 గ్రాములు

మొత్తం 20.5 గ్రాములు. ఇందులో యాంటీబయాటిక్ లేదు, క్రిమిని చంపే మందు లేదు, విరేచనం ఆపే మందు కూడా లేదు. వంటింట్లో సగం దొరికే వస్తువులే. మరి ఇది ప్రాణాలు ఎలా కాపాడుతోంది? దానికి సమాధానం వస్తువుల్లో లేదు, వాటి లెక్కలో ఉంది.

1. ఉప్పు విడిపోతుంది, గ్లూకోజ్ విడిపోదు

సోడియం పరమాణువులో 11 ఎలక్ట్రాన్లు ఉంటాయి. బయటి కక్ష్యలో ఒంటరిగా ఒకటి ఉంటుంది. దాన్ని వదిలేస్తే సోడియానికి స్థిరత్వం వస్తుంది. క్లోరిన్‌లో 17 ఉంటాయి, దానికి ఇంకొక్కటి దొరికితే చాలు. ఒకటి ఇస్తుంది, ఇంకొకటి పుచ్చుకుంటుంది. ఇచ్చింది ధనావేశం ఉన్న సోడియం అయాను, పుచ్చుకున్నది ఋణావేశం ఉన్న క్లోరైడ్ అయాను. వ్యతిరేక ఆవేశాలు కాబట్టి రెండూ అతుక్కుని స్ఫటికంగా ఉంటాయి. ఇది అయానిక బంధం.

గ్లూకోజ్ సంగతి వేరు. అందులో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు ఎలక్ట్రాన్లని పంచుకుంటాయి. ఇది సమయోజనీయ బంధం. నీళ్ళలో వేసినంత మాత్రాన ఈ పంపకం తెగదు. గ్లూకోజ్ అణువు గ్లూకోజ్ అణువుగానే కరుగుతుంది.

అంటే నీళ్ళలో వేసిన ఒక ఉప్పు జంట రెండు కణికలవుతుంది. ఒక గ్లూకోజ్ అణువు ఒక్క కణికగానే మిగులుతుంది. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీంతోనే పని పడుతుంది.

ఇంకో మాట. బయాలజీ పుస్తకంలో "సోడియం" అని రాసిన ప్రతిచోటా అది సోడియం అయానే. సోడియం లోహాన్ని నీళ్ళలో వేస్తే భగ్గుమంటుంది. మన రక్తంలో ఉన్నది ఆ లోహం కాదు, ఎలక్ట్రాన్ వదిలేసి చల్లబడిన అయాను. పరమాణువుకీ అయానుకీ తేడా ఒక్క ఎలక్ట్రానే, కానీ ఒకటి నిప్పు, ఇంకొకటి ఉప్పు.

2. నీళ్ళు ఊరికే నీళ్ళు కాదు

నీటి అణువులో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు. వాటి మధ్య ఎలక్ట్రాన్ల పంపకం ఉంది గానీ, సమానమైన పంపకం కాదు. ఆక్సిజన్ తన వైపుకి ఎక్కువ లాక్కుంటుంది. పైగా అణువు తిన్నగా ఉండదు, దాదాపు 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉంటుంది. అందువల్ల ఆక్సిజన్ వైపు కొంచెం ఋణావేశం, హైడ్రోజన్ల వైపు కొంచెం ధనావేశం. ఇలాంటి అణువుని ధ్రువ అణువు అంటాం.

ఇప్పుడు ఉప్పు నీళ్ళలో పడిందనుకోండి. నీటి అణువులు తమ ఆక్సిజన్ వైపుని సోడియం అయాను మీదికి తిప్పి చుట్టుముడతాయి. క్లోరైడ్‌ని హైడ్రోజన్ వైపుతో చుట్టుముడతాయి. జాతరలో పిల్లలు తల్లి చెయ్యి వదిలి జనంలో కలిసిపోయినట్టు రెండు అయాన్లూ విడిపోతాయి. గ్లూకోజ్‌కి ఆవేశం లేకపోయినా దానిమీద హైడ్రాక్సిల్ గుంపులు ఐదు ఉన్నాయి. వాటితో నీళ్ళు హైడ్రోజన్ బంధాలు కడతాయి, అదీ కరుగుతుంది. నూనెకి ఈ రెండూ లేవు, కాబట్టి కరగదు.

ఇది బయాలజీకి ఎందుకు? మన ప్రతి కణం చుట్టూ ఉన్న పొర లోపలంతా కొవ్వు తోకలే, అంటే నూనె లాంటిదే. చుట్టూ నీటి అణువుల దండుతో ఉన్న సోడియం అయాను ఆ నూనె పొరలోంచి దూరలేదు. గ్లూకోజ్ కూడా సులువుగా దూరలేదు. కాబట్టి కణంలోకి వెళ్ళాలంటే వాటికి తలుపు కావాలి. ఆ తలుపులే పొరలో ఉండే ప్రోటీన్లు. బయాలజీలో "ట్రాన్స్‌పోర్టర్", "ఛానల్" అని అన్ని పేజీలు ఎందుకు ఉన్నాయంటే, మూలం ఇక్కడ, నీళ్ళకీ నూనెకీ పడకపోవడంలో ఉంది.

3. గ్రాములు చూసి మోసపోవద్దు

ఇప్పుడు అందరూ భయపడే మోల్ దగ్గరికి వద్దాం.

కిలో ఆవాలు, కిలో కొబ్బరికాయలు పక్కపక్కన పెట్టండి. బరువు ఒకటే. కానీ లెక్కపెడితే? కొబ్బరికాయలు రెండో మూడో వస్తాయి, ఆవాలు లక్షల్లో ఉంటాయి. అణువులదీ ఇదే కథ. కణానికి గ్రాములతో పని లేదు. ఎన్ని అణువులు వచ్చాయి, ఎన్ని అయాన్లు వచ్చాయి అన్నదే దానికి తెలుసు. మరి కంటికి కనబడని వాటిని లెక్కపెట్టేదెలా? అరటిపళ్ళకి డజను పెట్టుకున్నట్టు అణువులకి మోల్ అని పెట్టుకున్నారు. డజను అంటే 12. మోల్ అంటే సుమారు 6.022 పక్కన 23 స్థానాల ఘాతం ఉన్న పెద్ద సంఖ్య. ఆ సంఖ్యని బట్టీ పట్టకపోయినా పర్వాలేదు. కావలసింది ఒకటే: ఒక పదార్థం అణుభారం ఎంతో, అన్ని గ్రాములు తూస్తే ఒక మోల్ వస్తుంది.

గ్లూకోజ్ అణుభారం 180. ప్యాకెట్‌లో ఉన్నది 13.5 గ్రాములు. భాగిస్తే 0.075 మోల్, అంటే 75 మిల్లీమోల్.

ఉప్పు ఫార్ములా భారం 58.5. ఉన్నది 2.6 గ్రాములు. భాగిస్తే సుమారు 44 మిల్లీమోల్. కానీ ఉప్పు రెండుగా విడిపోతుంది కదా! 44 సోడియం, 44 క్లోరైడ్. మొత్తం 88 కణికలు.

చూశారా తమాషా? గ్లూకోజ్ బరువులో ఉప్పుకి ఐదు రెట్లు పైనే ఉంది. కణికల లెక్కలో మాత్రం ఉప్పే ముందుంది. అందుకే గ్రాములు చూసి మోసపోవద్దన్నాను.

మిగతావీ చేద్దాం. పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములని 74.5తో భాగిస్తే 20 మిల్లీమోల్. సిట్రేట్ 2.9 గ్రాములని 294తో భాగిస్తే దాదాపు 10. ఒక్కో సిట్రేట్ తనతో మూడు సోడియం అయాన్లని తెస్తుంది, అంటే ఇంకో 30 సోడియం. అన్నీ కలిపితే లీటరుకి సోడియం 75, క్లోరైడ్ 65, గ్లూకోజ్ 75, పొటాషియం 20, సిట్రేట్ 10. మొత్తం 245. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన అంకెలు సరిగ్గా ఇవే. కాలిక్యులేటర్‌తో రెండు నిమిషాల పని. ఇంటర్ మొదటి సంవత్సరం లెక్క.

4. ఆవకాయ జాడీలో ఉన్న పాఠం

మామిడికాయ ముక్కలకి ఉప్పు పట్టించి మూడో రోజు చూస్తే జాడీలో ఊట నిండి ఉంటుంది. మనం నీళ్ళు పోయలేదు. మరి ఆ ఊట ఎక్కడిది? ముక్కలోంచే వచ్చింది. ముక్క బయట కణికల గాఢత ఎక్కువ, లోపల తక్కువ. నీళ్ళు పొర దాటి గాఢత ఎక్కువున్న వైపుకి వెళ్తాయి. శనగలు నానబెడితే ఉబ్బడం దీనికి తిరగేసిన కథ. అక్కడ గాఢత లోపల ఎక్కువ, నీళ్ళు లోపలికి పోతాయి. రెండింటికీ పేరు ఒకటే, ద్రవాభిసరణం.

ఇందులో ముఖ్యమైన విషయం: ఇక్కడ నీళ్ళు చూసుకునేది కణికల సంఖ్యనే. అది ఉప్పా, చక్కెరా, పెద్దదా, చిన్నదా అని నీళ్ళు అడగవు. ఎన్ని ఉన్నాయి అన్నదే ప్రశ్న.

మన రక్తంలో కణికల గాఢత లీటరుకి సుమారు 290 మిల్లీఆస్మోల్. సరిగ్గా కలిపిన ఓఆర్‌ఎస్ 245. అంటే రక్తం కంటే కొంచెం పల్చన. కాబట్టి పేగులోంచి నీళ్ళు రక్తం వైపుకి వెళ్ళడానికి దారి అనుకూలంగా ఉంటుంది.

ఇప్పుడు నా గ్లాసు లెక్క చూద్దాం. లీటరు ప్యాకెట్‌ని నేను సుమారు 200 మిల్లీలీటర్లలో కలిపాను. లీటరులో ఐదో వంతు. 245ని ఐదుతో గుణిస్తే 1225. రక్తం కంటే నాలుగు రెట్లు పైన! చిన్నోడి పేగు నా ఆవకాయ జాడీ అయిపోయింది. వాడి ఒంట్లో మిగిలిన కాసిని నీళ్ళని కూడా ఆ చిక్కటి ద్రావణం పేగులోకి లాగేసింది. విరేచనాలు ఎక్కువవడం, దాహం పెరగడం, అన్నీ నేను పరీక్షలో రాసిన జవాబు ప్రకారమే జరిగాయి. ఉప్పు అంత గాఢంగా ఒంట్లోకి చేరితే రక్తంలో సోడియం పెరిగి పసిపిల్లలకి ఫిట్స్ కూడా రావచ్చు. ఇది తర్వాత తెలిసి చేతులు వణికాయి.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. ప్యాకెట్ పొదుపు చేద్దామని రెండు లీటర్లలో కలిపితే నీళ్ళు వెళ్తాయి గానీ, పోయిన లవణాలు తిరిగి రావు. బజారులో 200 మిల్లీలీటర్లకి సరిపడే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి. కాబట్టి ప్రతిసారీ చదవాల్సింది ప్యాకెట్ వెనక ఉన్న ఆ ఒక్క లైను.

5. గ్లూకోజ్ పట్టుకొచ్చే తాళంచెవి

మరి ఉప్పునీళ్ళు ఇస్తే సరిపోదా? గ్లూకోజ్ ఎందుకు? బలానికి అనుకుంటాం చాలామందిమి. అది ముఖ్య కారణం కాదు.

కలరా లాంటి జబ్బుల్లో పేగు గోడ కణాల్లోంచి క్లోరైడ్ అయాన్లు ఆగకుండా బయటికి పోతుంటాయి. వాటి వెంట సోడియం, వాటి వెంట నీళ్ళు. మామూలుగా ఉప్పుని లోపలికి పీల్చుకునే దారి ఒకటి మూసుకుపోతుంది. అందుకే ఉత్త ఉప్పునీళ్ళు ఎంత పట్టించినా ఒంటికి పట్టవు.

కానీ అదే గోడలో ఇంకో తలుపు పాడవకుండా ఉంటుంది. దాని పేరు ఎస్‌జీఎల్‌టీ1. ఇది ఒక చిత్రమైన తలుపు. ఒక్క సోడియం వస్తే తెరుచుకోదు, ఒక్క గ్లూకోజ్ వచ్చినా తెరుచుకోదు. రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజ్ అణువు కలిసి వస్తేనే లోపలికి పంపిస్తుంది. సోడియం, గ్లూకోజ్ ఇలా జంటగా ప్రయాణిస్తాయని రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో ప్రాగ్‌లో జరిగిన ఒక సదస్సులో ప్రతిపాదించాడు. అవి లోపలికి వెళ్ళాక అక్కడ కణికల సంఖ్య పెరుగుతుంది. వెనకే నీళ్ళు వెళ్తాయి, పైన చెప్పుకున్న ద్రవాభిసరణమే. అంటే గ్లూకోజ్ ఇక్కడ తాళంచెవి.

మరి సోడియం లోపలికి పోవాలని ఎందుకు తహతహలాడుతుంది? కణం బయట సోడియం లీటరుకి సుమారు 140 మిల్లీమోల్ ఉంటే, లోపల 10 - 15 మాత్రమే. ఎత్తు నుంచి పల్లానికి నీళ్ళు పారినట్టు సోడియం లోపలికి పారుతుంది, పోతూపోతూ గ్లూకోజ్‌ని లాక్కుపోతుంది. ఆ ఎత్తుపల్లాలు అలాగే ఉండాలంటే ఎవరో ఒకరు లోపలికి వచ్చిన సోడియంని మళ్ళీ బయటికి తోడాలి. ఆ పని చేసే పంపు మూడు సోడియంని బయటికి తోసి, రెండు పొటాషియంని లోపలికి తెస్తుంది. ప్రతి విడతకీ ఒక ఏటీపీ అణువు ఖర్చు. పొలంలో మోటారుకి కరెంటు ఎలాగో ఈ పంపుకి ఏటీపీ అలాగ.

ఏటీపీ పేరు వచ్చింది కాబట్టి మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకుండా ముందుకు పోలేం. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ఫాస్ఫరస్‌ని రంగు ద్వారా కొలిచే పద్ధతి ప్రచురించారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది, 1929లో ఏటీపీ కూడా. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నాడు. బయాలజీలో అంత పెద్ద సంగతి బయటపడింది ఒక కెమిస్ట్రీ కొలత వల్లే. మోల్స్ గోల మనకెందుకు అనేవాళ్ళకి ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు.

6. పీహెచ్, ఇంకా సిట్రేట్ చేసే పని

ప్యాకెట్‌లో ఇంకా సిట్రేట్ మిగిలిపోయింది. దానికి పీహెచ్ తెలియాలి.

పీహెచ్ అంటే హైడ్రోజన్ అయాన్లు ఎన్ని ఉన్నాయో చెప్పే కొలత. రెండు మెలికలు ఉన్నాయి. ఒకటి, ఇది తలకిందుల కొలత. అయాన్లు పెరిగితే పీహెచ్ తగ్గుతుంది. రెండు, ఇది లాగరిథమ్ కొలత. పీహెచ్ ఒకటి తగ్గితే అయాన్లు పది రెట్లు పెరిగినట్టు. 0.3 తగ్గితే రెట్టింపు.

రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 లోపల ఉండాలి. "7.4 నుంచి 7.1కి పడింది, ఎంతలే" అనిపిస్తుంది. లెక్కలో చూస్తే హైడ్రోజన్ అయాన్లు లీటరుకి 40 నానోమోల్ నుంచి 80కి పోయాయి. రెట్టింపు! పెట్రోలు రేటు 7.4 నుంచి 7.1కి తగ్గినట్టు కాదిది.

అయాన్లు పెరిగితే ఏమవుతుంది? ఎంజైములు దాదాపు అన్నీ ప్రోటీన్లే. వాటి ఆకారాన్ని పట్టి ఉంచేవాటిలో హైడ్రోజన్ బంధాలు, ఆవేశాల మధ్య ఆకర్షణలు ఉన్నాయి. హైడ్రోజన్ అయాన్లు వచ్చి చేరితే ఆ ఆవేశాలు మారిపోతాయి, ఆకారం మారుతుంది, పని మందగిస్తుంది. అందుకే ఒంట్లో బఫర్ ఉంది. బఫర్ అంటే అయాన్లు ఎక్కువైతే పట్టుకునేది, తక్కువైతే వదిలేది. పెళ్ళి ఇంట్లో అదనంగా వేసిన పది కుర్చీల లాంటిది. ఎక్కువమంది వస్తే కూర్చోబెడుతుంది, వెళ్ళిపోతే ఖాళీగా ఉంటుంది, వంటవాళ్ళకి మాత్రం ఏ గందరగోళం తెలియదు. రక్తంలో ముఖ్యమైన బఫర్ బైకార్బనేట్. ఇది లీటరుకి సుమారు 24 మిల్లీమోల్ ఉంటుంది.

విరేచనాల్లో నీళ్ళు, ఉప్పుతో పాటు ఈ బైకార్బనేట్ కూడా పోతుంది. కుర్చీలు పోయాయి, జనం మాత్రం వస్తూనే ఉన్నారు. రక్తం ఆమ్లత్వం వైపు జరుగుతుంది. దాన్ని సరిచెయ్యడానికే సిట్రేట్. ఒంట్లో సిట్రేట్ కాలినప్పుడు ఒక్కొక్కటి మూడు బైకార్బనేట్లతో సమానమవుతుంది. పది మిల్లీమోల్ సిట్రేట్ అంటే 30 బైకార్బనేట్. మొదట్లో ప్యాకెట్‌లో నేరుగా సోడియం బైకార్బనేటే, అంటే మన తినే సోడానే, లీటరుకి 2.5 గ్రాములు వేసేవారు. దాన్ని 84తో భాగించి చూడండి, అదే 30 వస్తుంది. కానీ తేమ తగిలితే అది గ్లూకోజ్‌తో కలిసి పొడి రంగు మారిపోయేది. అందుకే నిలవుండే సిట్రేట్‌కి మారారు. లెక్క మాత్రం మార్చలేదు.

ఒక యుద్ధం, కొన్ని పీపాలు

ఇదంతా పుస్తకాల్లో లెక్కే అనుకునేవాళ్ళకి 1971 గురించి చెప్పాలి. బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన లక్షల మంది శరణార్థులు పశ్చిమ బెంగాల్ సరిహద్దులో బన్‌గావ్ దగ్గర శిబిరాల్లో ఉన్నారు. కలరా పట్టుకుంది. సెలైన్ సీసాలు అయిపోతున్నాయి, సూది గుచ్చడం తెలిసినవాళ్ళు చాలరు. దిలీప్ మహలనాబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజ్, తినే సోడా తూచి ప్యాకెట్లు కట్టించి, నీళ్ళలో కలిపి పీపాల్లో నింపించారు. రోగుల బంధువులే కప్పులతో పట్టుకెళ్ళి తాగించారు. అప్పటిదాకా 30 శాతం దగ్గర ఉన్న మరణాలు, ఆయన బృందం చూసిన రోగుల్లో 3.6 శాతానికి తగ్గాయి. తర్వాత 1978లో లాన్సెట్ పత్రిక ఈ సోడియం, గ్లూకోజ్ జంట సంగతిని ఆ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య పురోగతి కాగలదని రాసింది. మహలనాబిస్ 2022లో పోయారు. మరుసటి ఏడు పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఆ పీపాల దగ్గర నిలబడ్డవాళ్ళలో ఎక్కువమంది చదువుకోనివాళ్ళు. వాళ్ళు సరిగ్గా చేసిన పనిని, యాభై ఏళ్ళ తర్వాత బిటెక్ చదివే నేను తప్పు చేశాను. తేడా ఏంటంటే, అక్కడ లెక్క తెలిసినవాడు ముందే లెక్క చేసిపెట్టాడు.

ఆ ఫార్ములా కూడా అక్కడితో ఆగిపోలేదు. పాత ప్యాకెట్‌లో మొత్తం 311 ఉండేది, రక్తం కంటే కొంచెం ఎక్కువ. 2002లో దాన్ని 245కి తగ్గించారు. పిల్లల్లో విరేచనాలు, వాంతులు తగ్గాయని పరీక్షల్లో తేలాకే ఈ మార్పు చేశారు. 311కీ 245కీ మధ్య తేడానే అంత విలువైనదైతే, నా 1225 సంగతి మీరే ఆలోచించండి.

ప్యాకెట్ లేకపోతే? కూల్‌డ్రింక్ ఇవ్వొచ్చా?

ప్యాకెట్ దొరకని చోట అందరికీ చెప్పే ఇంటి లెక్క: లీటరు శుభ్రమైన నీళ్ళు, ఆరు చదును టీస్పూన్ల చక్కెర, అర చదును టీస్పూన్ ఉప్పు. ఆరే ఎందుకో ఇప్పుడు మనకి చెప్పగలిగే శక్తి వచ్చింది. ఆరు స్పూన్లు సుమారు 25 గ్రాములు. చక్కెర అణుభారం 342. భాగిస్తే 73 మిల్లీమోల్. పేగులో ఒక్కో చక్కెర అణువు ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. అంటే గ్లూకోజ్ 73. ప్యాకెట్‌లో ఉన్న 75కి ఎంత దగ్గరో చూడండి! అయితే ఇందులో పొటాషియం, సిట్రేట్ లేవు. కాబట్టి ఇది ప్యాకెట్ దొరికేదాకా ఆదుకునేదే. ఉప్పు వేసిన పల్చటి గంజి కూడా మంచిదే. అందులో పిండిపదార్థం పొడుగాటి గొలుసుల్లా ఉంటుంది. గొలుసు ఎంత పొడుగైనా కణికల లెక్కలో ఒకటే. అది మెల్లగా తెగుతూ గ్లూకోజ్ ఇస్తుంది. మన అమ్మమ్మలు మోల్స్ చదవకుండానే గంజి తాగించారు.

కూల్‌డ్రింక్ మాత్రం వద్దు. మామూలు కూల్‌డ్రింక్‌లో 100 మిల్లీలీటర్లకి 10 నుంచి 11 గ్రాముల చక్కెర. లీటరుకి వంద గ్రాముల పైన. అంటే సుమారు 300 మిల్లీమోల్, పేగులో విడిపోయాక 600. సోడియం దాదాపు లేదు. అంటే తాళంచెవులు గుత్తులు గుత్తులు, తలుపు దాటాల్సినవాళ్ళు ఎవరూ లేరు. మళ్ళీ ఆవకాయ జాడీయే. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని అమ్మిన కొన్ని తియ్యటి పానీయాల కథా ఇంతే. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, అసలు ఫార్ములా కాని పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. ఆ పోరాటం మొత్తం ఒక గాఢత లెక్క మీద నడిచింది.

చివరిగా

ఇది చదివి ఎవరూ ఇంట్లో డాక్టర్లు అయిపోవద్దు. మనిషి మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, ఒంటేలు ఆగిపోయినా, విరేచనంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికే పోవాలి. నేను చెప్పేది అంతవరకు చేతిలో ఉన్న గ్లాసు గురించి.

కెమిస్ట్రీ అంటే బయాలజీ పక్కన ఉన్న ఇంకో సబ్జెక్టు కాదు. కణం ఏ పని చేసినా లోపల జరిగేది ఈ ఐదు విషయాలే: ఏది విడిపోయింది, నీళ్ళు దాన్ని ఏం చేశాయి, ఎన్ని ఉన్నాయి, నీళ్ళు ఎటు పోయాయి, హైడ్రోజన్ అయాన్లు ఎంత. రేపు కిడ్నీ చదివినా, నరం చదివినా, ల్యాబ్‌లో బఫర్ కలిపినా ఈ ఐదు ప్రశ్నలే వేసుకోండి. సగం పాఠం అదే విడిపోతుంది.

మొన్న పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడు పిన్ని వాళ్ళ వంటింటి గోడ మీద ఒక కాగితం అతికించి ఉంది. ఆశా అక్క చేతిరాత: "ప్యాకెట్ మొత్తం, లీటరు నీళ్ళు, కొద్దికొద్దిగా." దాని కింద చిన్నోడు పెన్సిల్‌తో ఒక గ్లాసు బొమ్మ వేసి, మీద పెద్ద ఇంటూ మార్కు కొట్టాడు. "ఇది ఎవరు రా?" అని అడిగితే నావైపు వేలు చూపించి నవ్వాడు.